అప్పజెప్పిన పాఠం

తన ఏనుగు వస్తుంటే ఉప్పుకావిడి దించి పక్కకు తప్పుకోలేదని, చీపురుగుట్ట రాజు ముత్యాలును కోటగుమ్మానికి ఉరి తీయించాడు. "ఇదేం న్యాయం?" అని అడిగినందుకు మర్నాడు అతని తమ్ముణ్ణీ కట్టి తెచ్చారు.

"వీడికీ పాఠం చెబితే గాని ఆ ఊరికి బుద్ధి రాదు," అన్నాడు రాజు.

వాళ్ల తల్లి నూకాలు ఏడవలేదు. "మహాప్రభో, మా వీధిబడిలో పాఠం అప్పజెప్పినవాణ్ణి పంతులు కొట్టడు. నిన్న మీరు చెప్పిన పాఠం మాకు వచ్చేసింది. నేను అప్పజెబుతాను. తప్పుంటే వీణ్ణీ ఉరి తీయించండి."

రాజుకు సరదా వేసింది. "కానియ్."

"బలం ఉన్నవాడు లేనివాణ్ణి చంపొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ఇంతేనా ప్రభూ?"

"అంతే. ఊరంతా నేర్చుకుందా?"

"ఊరు ఇంకా వెనకబడే ఉంది. మీ చుట్టూ కత్తులు పట్టుకు నిలబడ్డ ఈ భటులకు మాత్రం కంఠతా వచ్చేసింది. తాడు లాగింది వాళ్లే కదా! ఇంకొక్కసారి చెప్పారంటే, వాళ్లే మీకు అప్పజెబుతారు."

రాజు తల తిప్పి చూశాడు. భటులంతా నేలచూపులు చూస్తున్నారు. ఒక్కడు మాత్రం చూపు దించలేదు.

"వాణ్ణి వదిలేయండి," అన్నాడు రాజు. "ఆ పాఠం మరిచిపొమ్మని ఊళ్లో చెప్పు."

"నేర్పడం మీ చేతిలో పని. మరిపించే పంతులు ఇంకా పుట్టలేదు ప్రభూ," అంది నూకాలు.

చిన్నకొడుకు చెయ్యి పట్టుకుని, పెద్దకొడుకును దించుకోవడానికి కోటగుమ్మం వైపు నడిచింది.