త్రయంబకం తాళం వేసిన అంచులు

జాండ్రపేటలో త్రయంబకం అని, తన పని తన గదిలోనే నడవాలనుకునే డిజైన్ల మాస్టారు ఒకడుండేవాడు. చీర అంచులకు పూలూ లతలూ కంప్యూటరులో వేసి, అవి నేతలో పడేందుకు మగ్గానికి కట్టే అట్టలకు చిల్లులు కొట్టించేవాడు. ఆ ప్రోగ్రాము సొంతంగా రాసుకున్నదే. అంచులు మాత్రం భార్య భ్రమరాంబ ఊహించినవి. ఆవిడ పోయాక అట్టల కోసం వచ్చే నేతగాళ్లే ఆయనకు మనుషులు.

ఒకరోజు నేత సొసైటీలో కంప్యూటరు పని చూసే పుష్పలీల వచ్చింది.

"బాబాయ్, నీ ప్రోగ్రాము ఏ కంప్యూటరులోనైనా నడిచేలా మార్చవూ? పిన్ని అంచులు పదిమంది దగ్గర ఉంటాయి."

"అన్నిచోట్లా నడిస్తే నా గడప ఎవరు తొక్కుతారే?" అన్నాడు.

అన్నవాడు ఊరుకోలేదు. చిన్న కార్డొకటి తయారుచేసి కంప్యూటరులో బిగించాడు. ఒక్కో అంచు తెరవడానికి ఒక్కో అంకె ఆ కార్డే అందించాలి. ఆ అంకెలు ఎక్కడా రాసిపెట్టలేదు.

కొన్నేళ్లకు కరెంటు ఎక్కువై కంప్యూటరు మాడిపోయింది, కార్డుతో సహా. ప్రోగ్రామూ అంచులూ ఎక్కించి బీరువాలో దాచిన డిస్కు ఒక్కటే మిగిలింది. దాన్ని చేతిసంచిలో వేసుకుని గుంటూరు వెళ్లాడు, విజయవాడ వెళ్లాడు. ఎక్కడా తెరుచుకోలేదు. నేతగాళ్లు వేరేచోట అట్టలు చూసుకున్నారు. రోజంతా వీధి తలుపు తీసే ఉంచేవాడు. ఎవరూ వచ్చేవారు కాదు.

చివరికి పుష్పలీల దగ్గరకే వెళ్లాడు.

"కొత్త కంప్యూటరు లోపల నీ పాతది ఉన్నట్టే నడిపించొచ్చు బాబాయ్. వర్చువల్ మెషిన్ అంటారు," అంది.

లేనిదాన్ని ఉన్నట్టు చేసే విద్య ఎంత వింతో చూడండి. కానీ ఆ లేనిది ఎలా ఉండేదో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

"పాత కంప్యూటరు సంగతి పుస్తకాల్లో దొరికింది. నీ కార్డు సంగతి నిన్నే అడగాలి. అంకెలు చెప్పు."

పదిహేను రోజులు వెళ్లి, గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెప్పాడు. డెబ్బై అంచుల్లో పదకొండు తెరుచుకున్నాయి. భ్రమరాంబ ఆఖరున ఊహించింది హంసల అంచు, ఇంకా ఏ మగ్గమూ ఎక్కనిది. అది తెరుచుకోలేదు.

"దీని అంకె?"

"గుర్తు లేదమ్మా."

తెరుచుకున్నవాటిని పుష్పలీల తెర మీద వరసగా పెట్టింది. అవి చూసి ఆయన అన్నాడు, "ఆ పదకొండూ అందరికీ ఇచ్చెయ్యి. ఎక్కడ కావాలంటే అక్కడ నడవనీ."

ఇప్పుడు వాటిని ఏ ఊళ్లోనైనా నేస్తున్నారు. హంసల అంచు ఎలా ఉండేదని ఎవరైనా అడిగితే, త్రయంబకం గాలిలో వేలితో గీసి చూపిస్తాడు. రెండో హంస మెడ దగ్గర వేలు ఆగిపోతుంది.

పిల్లలూ, ప్రేమగా చేసినదాన్ని మన ఒక్కరి దగ్గరే బతికేలా కట్టేస్తే అది మనకూ దక్కదు. ఎవరింటికి వెళ్లినా బతకగలిగినదే మిగులుతుంది.