పడిపోయే రాజు వేషం

ఏటికి ఇవతల ఒక ఊరు, అవతల ఒక ఊరు ఉండేవి. మధ్యలో ఇసుక తిన్నె. ఏటా కోతలయ్యాక, నీళ్ళు మోకాటి లోతుకు దిగినప్పుడు, రెండు ఊళ్ళ వాళ్ళూ ఆ తిన్నె మీద చేరి పాత యుద్ధాన్ని ఆడేవారు.

ఆ యుద్ధం ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. ఆటలో మాత్రం అవతలి రాజు గెలుస్తాడు, ఇవతలి రాజు పడిపోతాడు. పడ్డవాణ్ణి గెలిచినవాడే భుజాన వేసుకుని, ఏరు దాటించి, వాడి ఊళ్ళో దింపాలి. ఆపైన రెండు ఊళ్ళూ ఒకే బంతిలో కూర్చుని తినాలి. ఆ ఏడాది గట్ల తగాదాలూ, తప్పిపోయిన పశువుల తగాదాలూ అక్కడితో సరి.

పడిపోయే రాజు వేషం ముప్పై ఏళ్ళుగా మాచయది. అంతకుముందు వాళ్ళ నాన్నది. మాచయ పడే తీరు చూడటానికే కొందరు దూరపు పల్లెల నుంచి నడిచి వచ్చేవారు. ముందు కుడి మోకాలు వంగేది, తర్వాత డాలు చేజారేది, చివరికి మనిషి నిద్రలోకి ఒరిగినట్టు ఇసుక మీదికి ఒరిగేవాడు.

ఆ ఏడు ఇవతలి ఊరికి కొత్త దొర వచ్చాడు. ఇరవై ఏళ్ళవాడు, ఒంటి నిండా బలం ఉన్నవాడు. కోతలు సగంలో ఉండగా మాచయను పిలిపించాడు.

"ఈసారి నువ్వు పడొద్దు" అన్నాడు.

"నేను పడకపోతే ఆట ఎట్లా ముగుస్తుంది దొరా?"

"అవతలివాడు పడితే ముగుస్తుంది."

"అతనికి పడటం రాదు దొరా. వాళ్ళ ఇంట్లో ఎవరూ ఎన్నడూ పడలేదు."

"నీకు పడటం అలవాటైపోయింది. నీకు చెప్పి లాభం లేదు. కిరీటం పంపించు. ఈసారి వేషం నేనే కడతాను."

మాచయ పొణికి కర్ర కిరీటాన్ని గుడ్డలో చుట్టి తానే పట్టుకెళ్ళి ఇచ్చాడు. పది రోజులు దొరకు అడుగులు నేర్పాడు. దొర చురుకైనవాడు. రంకె వేయడం, డాలు తిప్పడం, గాల్లోకి లేచి వాలడం, అన్నీ ఇట్టే పట్టేశాడు.

"ఇక ఒక్కటి మిగిలింది" అని మాచయ నేల మీద మోకాలు మోపబోయాడు.

"అది నాకక్కర్లేదు" అన్నాడు దొర.

ఈ మాట ఏరు దాటి అవతలికి చేరింది. ఆట ముందురోజు మాచయ పెళ్ళాం నూకసాని నీళ్ళ కుండ దింపుకుంటూ మొగుడితో అంది. "కోతలు అయిపోయాయి కదయ్యా. ఊళ్ళో ఇంకా కొడవళ్ళు ఎందుకు నూరుతున్నారు?"

మాచయ రేపటికి గజ్జెలు సరిచూసుకోసాగాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా దొర మొహానికి మాచయే జేగురు రంగు వేశాడు. కాళ్ళకు గజ్జెలు కట్టాడు. తర్వాత ఏం చేయాలో తోచక, వెళ్ళి జనంలో నూకసాని పక్కన కూర్చున్నాడు. ఆ చోటి నుంచి ఆటను అతను ఎన్నడూ చూడలేదు. రెండు వైపులా మగవాళ్ళ నడుముల దగ్గర గుడ్డలు ఎత్తుగా ఉండటం అతనికి కనిపించింది.

దొర బాగా ఆడాడు. అవతలి రాజు వేషం కట్టిన బొల్లన వయసు మళ్ళినవాడు, అయినా తగ్గకుండా ఆడాడు. పోరు ముగింపుకు వచ్చింది. బొల్లన కర్రకత్తి ఎత్తాడు. తప్పెట పడిపోయే దరువు వేసింది.

దొర నిలబడే ఉన్నాడు.

తప్పెట వాయించేవాడు పొరపాటు తనదేమోనని మళ్ళీ అదే దరువు వేశాడు. దొర కదల్లేదు. బొల్లన ఎత్తిన చెయ్యి దించాలో వద్దో తెలియక అట్లాగే ఉండిపోయాడు. అవతలి వైపు మగవాళ్ళు ఒక్కొక్కరే లేచారు. ఇవతలి వాళ్ళూ లేచారు. చేతులు నడుముల దగ్గరికి పోయాయి. అవతలి గుంపులో ఒక తల్లి బిడ్డను చంకనెత్తుకుని, చప్పుడు కాకుండా వెనక్కి, నీళ్ళ వైపు నడవసాగింది.

దొర చూపు ఆమె మీద పడటం మాచయ గమనించాడు. ఆ చూపు ఆమెతో పాటే నీళ్ళ దాకా పోయింది.

మూడోసారి తప్పెట మోగింది. దొర పడ్డాడు.

నేర్చుకోని పని కదా, మొద్దు కూలినట్టు పడ్డాడు. కిరీటం ఊడి దొర్లిపోయింది. నోటి నిండా ఇసుక పోయింది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి. ఎవరూ నవ్వలేదు. బొల్లన కర్రకత్తి పక్కన పెట్టి, వంగి, ఆ బరువైన కుర్ర శరీరాన్ని ఆయాసపడుతూ భుజానికెత్తుకున్నాడు.

మాచయ జనాన్ని చూశాడు. పైకి లేచిన భుజాలన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. నడుముల దగ్గరున్న చేతులు మొహాలు తుడుచుకున్నాయి. ఎవరో పెద్దగా ఊపిరి విడిచారు, ఎవరో పక్కవాడి భుజం మీద చెయ్యేశారు. నీళ్ళలోకి దిగబోయిన తల్లి వెనక్కి వచ్చి బిడ్డను ఇసుక మీద వదిలేసింది. ఆ బిడ్డ వెంటనే ఆడుకోవడం మొదలుపెట్టింది.

జనమంతా వెంట నడవగా బొల్లన ఏరు దాటి దొరను ఇవతలి గట్టున దింపాడు. దొర చెవుల్లో ఇసుక దులుపుకుంటూ మాచయ కోసం చూశాడు. దగ్గరికి రమ్మన్నాడు.

"ముప్పై ఏళ్ళూ నువ్వు చూసింది ఇదేనా?" అని మెల్లగా అడిగాడు.

"లేదు దొరా. పడ్డాక నేను కళ్ళు మూసుకునే ఉండాలి కదా. ఇవాళే చూశాను."

బంతి సాగింది. అవతలి ఊరి ఆడవాళ్ళు గుమ్మడికాయ పులుసు వడ్డించారు. మాచయ రెండోసారి అడిగి వేయించుకుని తీరిగ్గా తిన్నాడు.