కట్టేసిన తలగడలు

"గురువుగారూ, నాలో లేనిదీ, ఆ పైడయ్యలో ఉన్నదీ ఏమిటి?"

విశ్వపతి ఈ మాట అడిగిన రోజున నేను అక్కడే మందుసీసాలు తుడుస్తున్నాను. మా కూర్మానందులవారికి ప్రశ్నకి తిన్నగా జవాబు చెప్పే అలవాటు లేదు. "మధ్యాహ్నం నీ వార్డుకొస్తాను" అని మాత్రం అన్నారు.

నాగావళి ఒడ్డున మా ఆశ్రమానికి ఓ ఆసుపత్రి ఉంది. నేను అందులో కాంపౌండరుని. విశ్వపతి ఇంజనీరు ఉద్యోగం వదులుకుని గురువుగారి దగ్గరికి వచ్చినవాడు. కొత్త వార్డు గీసిందీ కట్టించిందీ అతనే. సిద్ధాంతిగారిని వెంటేసుకుని ఈశాన్యంలో నీళ్లతొట్టి, ఆగ్నేయంలో వంటిల్లు, గుమ్మాలూ కిటికీలూ అన్నీ శాస్త్రప్రకారం పెట్టించాడు. నున్నటి గచ్చు, ఎనిమిది ఫ్యాన్లు, పన్నెండు మంచాలు. వరస చెడకూడదని మంచాల కోళ్లని నేలకి బోల్టులతో బిగించేశాడు. తలలన్నీ ఉత్తరపు గోడకి. సిస్టరుని పిలిచే గంటా, దీపం స్విచ్చీ, ప్రాణవాయువు గొట్టమూ ఆ గోడకే ఉన్నాయి. గుమ్మంలో నిలబడి చూస్తే, అబ్బ, కళ్లు చెదిరేవి.

పైడయ్యది పాత రేకుల షెడ్డు. అతను వడ్రంగం పనికి వచ్చి, పని అయిపోయినా వెళ్లకుండా శిష్యుడైపోయినవాడు. మంచాలకి చక్రాలు తగిలించి, కొత్త రోగి వచ్చినప్పుడల్లా ఏదో అడిగి, మంచాన్ని అటూ ఇటూ ఈడ్చేవాడు. ఒకటి అడ్డంగా, ఒకటి వాలుగా, ఇంకోటి దారికి అడ్డం. సంతలో బళ్లు విప్పేసినట్టుండేది ఆ షెడ్డు. ఎండాకాలంలో రేకులు పెనంలా కాలేవి. అయినా సరే, వచ్చిన ప్రతివాడూ "షెడ్డులో చోటుందా?" అనే అడిగేవాడు!

విశ్వపతికి ఒళ్లు మండిపోయేది. షెడ్డులోంచి నవ్వులు వినపడితే ఇక్కడ కిటికీ రెక్కలు దభీమని వేసేవాడు. పైడయ్య ఎదురొస్తే తలతిప్పుకుని పోయేవాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కడుపుమంటగానే ఉండేది. ఇరవై ఏళ్లుగా నేనిచ్చిన మందులకి రాని పేరు ఆ చక్రాల మంచాలకి వచ్చింది మరి. అందుకే విశ్వపతి ఏడుపుకి నేను వంత పాడాను గానీ వద్దనలేదు. పైగా గురువుగారు కొత్తగా కాన్పుల వార్డు కట్టించాలనుకుంటున్నారు. అది ఎవరి చేతికిస్తారో ఇంకా చెప్పలేదు. విశ్వపతి ప్రాణమంతా దానిమీదే ఉంది. అది పైడయ్యకి పోతే ఆశ్రమమే వదిలేస్తానని నాతో అన్నాడు కూడా.

ఇంతలో ఓ వింత మొదలైంది. తెల్లారి చూసేసరికి కొత్త వార్డులో తలగడలన్నీ కాళ్లవైపుండేవి. మనుషులు తలకిందులుగా పడుకునేవారు. సెలైను గొట్టాలు చాలక సూదులు ఊడిపోయేవి. సిస్టరు తిడితే సరిగా తిరిగి పడుకుని, ఆవిడ అటు వెళ్లగానే మళ్లీ మొదటికొచ్చేవారు. ఎందుకని అడిగితే ఒక్కడూ నోరు విప్పడు.

"చూశారా కాంపౌండరుగారూ, ఇది పైడయ్య పన్నాగమే. నా వార్డు పరువు తియ్యడానికి వీళ్లకి నూరిపోస్తున్నాడు" అన్నాడు విశ్వపతి.

"అంతే అయుంటుంది" అన్నాను నేను. నా నోరు పడిపోను!

ఆ పూటే అతను పన్నెండు తలగడలనీ ఉత్తరపు గోడవైపు మంచాలకి నాడాలతో కట్టించేశాడు. నాలుగు రోజులు పోయాక నాలుగో మంచం మీదున్న అప్పలనరసమ్మ, కడుపు ఆపరేషనైన మనిషి, అతని చెయ్యి పట్టుకుంది. "ఏటి సెప్పమంటారు బాబూ! ఇక్కడ నిద్దర అంటుకోదు. ఆ సెడ్డులో ఓ మూల పారేసినా సాలు" అంది. నాలుగు రోజులై ఆవిడ కూర్చునే కునుకుతోందని, కుట్లు మానడం లేదని సిస్టరు చెప్పింది. ఇదిగో, ఇది విన్నాకే అతను గురువుగారి దగ్గరికి వెళ్లి అలా అడిగాడు.

మధ్యాహ్నం గురువుగారు వచ్చి వార్డులో స్టూలు మీద కూర్చున్నారు. గోడలు చూశారు, ఫ్యాన్లు చూశారు, బాగుందన్నారు. తర్వాత విశ్వపతి మొహం చూశారు. పొద్దుటి నుంచీ నిలబడే ఉన్నాడేమో, కళ్లు పీక్కుపోయి ఉన్నాడు.

"అప్పలనరసమ్మ కట్టు మార్పించుకోవడానికి వెళ్లిందట. మంచం ఖాళీగానే ఉంది. కాసేపు నడుం వాల్చు నాయనా" అన్నారు.

గురువుగారి ముందు పడుకోవడమేమిటని అతను నసిగాడు గానీ, ఆయన మాట కాదనలేక ఎక్కాడు. పడుకున్నాడు. కాళ్లు ఉత్తరపు గోడకి తన్నిపెట్టి, తల కిందకి మోచెయ్యి పెట్టుకుని, హమ్మయ్య అంటూ కళ్లు మూసుకున్నాడు. నాడాలతో కట్టించిన తలగడ అతని పాదాల కింద నలుగుతోంది.

వార్డులో మిగతా పదకొండు మందీ మెడలు సాచి చూస్తున్నారు.

"తలగడ అటుంది కదా, నాయనా" అన్నారు గురువుగారు.

"అది ఉత్తరం కదండీ, అటు తల ఎలా పెట్టుకుంటాను? శవాన్ని కదూ అలా..."

అని, నాలుక కరుచుకున్నాడు. మూడో మంచం మీది ముసలాయన కిసుక్కున నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆసుపత్రి మంచం మీదుండి ఆ మాట పైకి అనలేకే వీళ్లంతా ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకున్నారని అప్పటికి గాని నా మట్టిబుర్రకి ఎక్కలేదు. షెడ్డులో పైడయ్య ప్రతి రోగినీ మొదట అడిగేది కూడా తల ఎటు పెట్టుకుంటావనే అయుండాలి.

"శాస్త్రమంతా చూసే కట్టించాను గురువుగారూ" అన్నాడు విశ్వపతి. "సిద్ధాంతిగారు ఏ గదికీ వంక పెట్టలేదు."

"గది పడుకోదుగా" అన్నారాయన.

విశ్వపతి సిగ్గుపడ్డాడు, నేను చూశాను. కానీ అసూయ అంత తొందరగా వదిలే జబ్బా? పడుకున్నవాడు పడుకున్నట్టే, నెమ్మదిగా అడిగాడు.

"అయితే కాన్పుల వార్డు పైడయ్యకే ఇచ్చేస్తారా?"

గురువుగారు అతనివైపు చూడలేదు. గుమ్మంవైపు చూస్తున్నారు. నేనూ అటు తిరిగాను. అప్పలనరసమ్మ కట్టు మార్పించుకుని వచ్చి, కుట్లమీద అరచెయ్యి అదిమిపెట్టుకుని, ద్వారబంధానికి ఆనుకుని ఉంది. ఎప్పుడొచ్చిందో మేమెవరమూ గమనించలేదు. మాట్లాడుకుంటున్న పెద్దవాళ్లని లేవమనడం ఎలాగా అని ఆగినట్టుంది.

"ముందు లే, నాయనా" అన్నారు గురువుగారు. "మంచం తాలూకు మనిషి ఇంకా నిలబడే ఉంది."