రాజుగారి ఇంట్లో ప్రళయకుంభాలు ఎన్ని?

వెనకటికి, ఏడు సముద్రాలకు ఇవతలి ఒడ్డున, రత్నకూటమని ఒక రాజ్యం ఉండేదర్రా పిల్లలూ. వీరకేతు మహారాజు దాన్ని ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి కండబలం ఎక్కువ, నడిపివాడికి ఎత్తుగడలు ఎక్కువ, చిన్నవాడు సుకేతుకి మాటలు తక్కువ. ఈ కథ ఆ చిన్నవాడిది.

ఏడు సముద్రాలకు అవతల మసిదీవి ఉంది. అక్కడ ధూమకేశుడనే మాంత్రికుడు ప్రళయకుంభం వండుతున్నాడని కబురొచ్చింది. అది చూడ్డానికి మామూలు మట్టికుండే. మూత తీస్తే మాత్రం గోడలూ గొడ్డూగోదా పిల్లాపీచూ, పట్నం పట్నమంతా రెప్పపాటులో బూడిదైపోతుంది. ఉడకడానికి మూడేళ్లు పడుతుంది. కబురు వచ్చేసరికే ఏడాది గడిచిపోయింది.

ఏడు రాజ్యాల రాజులూ చింతలరేవులో సభ చేశారు. ఆ సభకు ఒక ఆచారం ఉంది. మధ్యలో తాటాకు చాప పరుస్తారు. మాట్లాడదలచినవాడు తన ఆయుధాలన్నీ ఆ చాప మీద పెట్టి, వట్టి చేతులతో నిలబడాలి. పిడిబాకు దాచుకున్నా సరే, వాడి మాట చెల్లదు.

"ఉడికాక ఏడ్చి ఏం లాభం? ఇప్పుడే వెళ్లి పొయ్యి కూల్చేద్దాం," అన్నాడు పెద్ద రాజకుమారుడు.

"యుద్ధమెందుకు? ఆ దీవికి పడవలు ఆపేద్దాం. బియ్యం లేక వాళ్లే కాళ్లబేరానికొస్తారు," అన్నాడు నడిపివాడు.

"వాడికీ ఒకటి ఉండనివ్వండయ్యా," అన్నాడు కొండసీమ ముసలిరాజు. "ఇద్దరికీ భయముంటే ఎవడూ మూత తీయడు."

"తీసేవాడికి బుద్ధి ఉంటుందని నువ్వు పూచీ ఉంటావా?" అని ఇంకొకాయన మీదికొచ్చాడు. అలా మూడు రోజులు అరుచుకున్నారు. గొంతులు పోయాయి గానీ మాట తెగలేదు.

చివరికి వీరకేతు లేచాడు. కత్తి చాప మీద పెట్టాడు. "ప్రళయకుంభం మనిషన్నవాడి ఇంట ఉండదగ్గ వస్తువు కాదు," అన్నాడు గంభీరంగా. సభంతా చప్పట్లు కొట్టింది. తండ్రి వెనక నిలబడ్డ సుకేతు మాత్రం తన కాలి వేళ్లకేసి చూసుకున్నాడు.

ఎందుకంటారా? రత్నకూటం పట్టాభిషేక మంటపం కింద, నేలమాళిగలో, తాతగారి నాటి నుంచి మూడు ప్రళయకుంభాలున్నాయి మరి! ఏడుగురు రాజులకూ ఆ సంగతి తెలుసు. అడిగే మొహం ఎవరికీ లేదు. ఆ ఇంట పుట్టిన పిల్లలకు 'అమ్మ' తర్వాత నేర్పే మాట 'మా ఇంట్లో లేదు' అన్నదే.

సరే, ముందు పెద్దవాడు నలభై ఓడలతో బయల్దేరాడు. మాంత్రికుడు పొగమంచు ఊదాడు. ఓడలు ఒకదాన్నొకటి గుద్దుకుని మునిగాయి, పెద్దవాడు ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. తర్వాత నడిపివాడు మసిదీవికి గింజ అందకుండా ఏడాదిపాటు పడవలు ఆపించాడు. పొయ్యి మాత్రం ఆరలేదు. ఇక ఆరు నెలలే మిగిలాయి. అప్పుడు రాజు చిన్నవాణ్ణి పిలిచాడు.

"ధూమకేశుడి ప్రాణం ఒక చిలకలో ఉందట. దాని మెడ విరిచి రా. దారిలో ఎవరేమడిగినా మన ఇంటి మాట మరిచిపోకు," అన్నాడు.

సుకేతు సముద్రం ఒడ్డుకు వెళ్తే ఒక ముసలి తాబేలు ఎదురైంది. "మూడు సముద్రాలు దాటిస్తాను గానీ, మీ ఇంట్లో ప్రళయకుంభాలు ఎన్ని నాయనా?" అంది.

"ఒక్కటీ లేదు," అన్నాడు సుకేతు.

"అలాగా," అని తాబేలు వీపు మీద ఎక్కించుకుంది.

మూడు సముద్రాలు దాటాక సముద్రపు డేగ ఎదురైంది. "ఇంకో మూడు దాటిస్తాను గానీ, మీ ఇంట్లో ఎన్ని?" అంది. "ఒక్కటీ లేదు," అన్నాడు. "అలాగా," అని డేగ కాళ్లతో పట్టుకుని ఎగిరింది.

ఏడో సముద్రం దగ్గర నీటికుక్క ఎదురైంది. అదీ అదే అడిగింది. సుకేతు నాలుక ఒక్క క్షణం తడబడింది. అయినా "ఒక్కటీ లేదు," అన్నాడు. నీటికుక్క అతని మొహంలోకి చూసి, "అలాగా," అని ఒడ్డు చేర్చింది. మూడింటికీ నిజం తెలుసు. తెలిసే మోశాయి. తిట్టినా బాగుండేదనిపించింది అతనికి.

దీవిలో చెట్లన్నీ నల్లగా, ఎండిన చేతుల్లా నిలబడి ఉన్నాయి. ఒక గుడిసె ముందు కువలయ అనే పిల్ల కూర్చుని గడ్డలు ఉడకేస్తోంది. మాంత్రికుడి చిలకకు మేత పెట్టేది ఆ పిల్లే. తడిసి వణుకుతున్న సుకేతుని చూసి, అడక్కుండానే చిప్పలో పోసి ఇచ్చింది.

"ఏమీ అనుకోకండి, నీళ్లే ఎక్కువ. ఎవరో రాజకుమారుడు బియ్యం పడవలు ఆపించాడట. మా అమ్మకు జ్వరమొస్తే శొంఠి కొమ్ము కూడా దొరకలేదు. పోయింది."

"మరి మాంత్రికుడో?"

"ఆయనకేం! మూడు పూటలా నెయ్యన్నమే."

సుకేతు చిప్ప కింద పెట్టేశాడు. తను ఫలానా అని చెప్పుకోవాలనిపించింది, చెప్పలేకపోయాడు. "ఈ చెట్లు ఇలా అయ్యాయేం?" అని మాట మార్చాడు.

"మా తాతల నాటిమాట. అప్పుడు దీన్ని మల్లెదీవి అనేవారు. రత్నకూటం రాజు దగ్గర నాలుగు కుంభాలుండేవి. నాలుగోది ఎలా పనిచేస్తుందో చూద్దామని ఇక్కడ మూత తీయించాడు."

ఆ మాట వినగానే సుకేతు చెవులు రగిలిపోయాయి. తాతగారి పటం ముందు రోజూ దణ్ణం పెట్టి పెరిగాడతను. నాలుగోది ఏమైందని ఎన్నడూ, ఎవరినీ అడగలేదు. తనకెవరూ చెప్పలేదన్న బాధ కన్నా, తను అడగలేదన్న సిగ్గే అతన్ని కోసేసింది.

గుడిసె చూరుకు వేలాడే పంజరంలో మాంత్రికుడి చిలక కనిపించింది. చెయ్యి పెట్టి పట్టుకున్నాడు. కువలయ అరవలేదు. "మెడ విరుస్తారా?" అంది.

"అందుకే వచ్చాను."

"విరిస్తే ఆయన పోతాడు. ఆయనకు పన్నెండుమంది శిష్యులున్నారు. కుంభం లేకపోబట్టే గురువు చచ్చాడని, తలా ఒకటి వండుతారు. రత్నకూటం పేరెత్తగానే మీ మొహం మాడింది, మీరు అక్కడివారు కదూ? నిజం చెప్పండి, మీ ఇంట్లో ఎన్ని?"

"మూడు," అన్నాడు సుకేతు తల వంచుకుని. పుట్టి ఇరవై ఏళ్లకు ఆ అంకె మొదటిసారి అతని నోటినుంచి వచ్చింది.

అతను చిలకను చంపలేదు. దాన్ని పట్టుకునే ధూమకేశుడి దగ్గరికి వెళ్లాడు. తన ప్రాణం పరాయి గుప్పిట్లో చూసి మాంత్రికుడు తెల్లబోయాడు.

"చింతలరేవు చాప మీద నీ కుంభం పెట్టు. మా నాన్న తనవి పెడతాడు. అప్పుడు చిలక నీది," అన్నాడు సుకేతు.

"మీ నాన్న పెట్టకపోతే?"

"అప్పుడూ చిలక నీదే. నీ కుంభం నువ్వు పట్టుకుపో."

ఇటువంటి బేరం ధూమకేశుడు ఎన్నడూ వినలేదు. బేరానికి సాక్షిగా కువలయను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

రత్నకూటంలో రాజు మండిపడ్డాడు. "నన్నడక్కుండా నా మాట ఇచ్చి వచ్చావా?" అన్నాడు. సుకేతు తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. మూడు రోజులు వదల్లేదు. "సరేరా, లే," అన్నాడు రాజు చివరికి.

మిట్టమధ్యాహ్నం చింతలరేవులో సభ నిండింది. ధూమకేశుడు తన కుంభం చాప మీద పెట్టాడు. వీరకేతు సైగ చేశాడు. భటులు ఒక కుండ తెచ్చి పెట్టారు. ఇంకొకటి తెచ్చి పెట్టారు. సభంతా ఊపిరి బిగబట్టింది.

"మా ఇంట్లో ఉన్నవి ఇవే," అన్నాడు వీరకేతు.

"రెండేనా?" అన్నాడు ధూమకేశుడు. రాజును కాదు, సుకేతునే చూస్తూ అడిగాడు. చిలక సుకేతు చేతిలోనే ఉంది. అవతల కువలయ నిలబడి ఉంది.

 సుకేతు నోరు విప్పితే కన్నతండ్రి నలుగురిలో దొంగవుతాడు. విప్పకపోతే ఆ మూడోది అలాగే నేలమాళిగలో ఉంటుంది, మళ్లీ ఎవడి పొయ్యో రాజుకుంటుంది. అన్నలిద్దరూ వద్దురా అన్నట్టు చూశారు.

అతను తన కత్తి తీసి చాప మీద పెట్టాడు. "నాన్నగారూ, మూడోది కూడా తెప్పించండి," అన్నాడు.  "మా తాతగారి దగ్గర నాలుగుండేవి. నాలుగోది మల్లెదీవిని కాల్చింది. అది మొన్నటిదాకా తెలియదు గానీ, ఈ మూడూ నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. తెలిసే దారిలో అడిగిన ముగ్గురికీ లేవని చెప్పాను. సిగ్గుతో చస్తున్నాను."

వీరకేతు మొహం నల్లబడింది. కొడుకు వైపు చూడలేదు. భటులకేసి చెయ్యెత్తి, "తీసుకురండి," అన్నాడు. పొద్దు వాలకముందే నేలమాళిగ నుంచి మూడో కుండ వచ్చింది. రాజులందరూ నేల చూపులు చూశారు.

అప్పుడొక వింత జరిగింది. ధూమకేశుడు మెల్లగా నడుముకున్న మూట విప్పాడు. నిప్పువిత్తనం తీసి కుండల పక్కన పెట్టాడు. అది ఉంటే మళ్లీ వండుకోవచ్చు. "ఇది దాచుకునే వచ్చాను," అన్నాడు. "మీ నాన్న దాచుకుంటాడని నా నమ్మకం. నువ్వు నమ్మకం పాడుచేశావు కుర్రాడా."

నాలుగు కుండలూ ఆ విత్తనమూ అందరూ చూస్తుండగా సముద్రంలో లోతు చూసి ముంచేశారు. చిలకను సుకేతు మాంత్రికుడికి ఇచ్చేశాడు. ఆ సాయంత్రమే బియ్యం పడవలు మసిదీవికి కదిలాయి. మొదటి పడవలో సుకేతు వెళ్లి, గడపగడపకూ తిరిగి ఫలానావాణ్ణని చెప్పుకున్నాడు. కొందరు తలుపు తీశారు, కొందరు మొహం మీదే వేశారు. ఏడాది అక్కడే ఉండి మొక్కలు నాటాడు. ఆ తర్వాతే కువలయ పెళ్లికి సరేనంది.

వీరకేతు మాత్రం సభ నాటి నుంచీ కొడుకుతో మాట్లాడలేదు. పెళ్లికి రాడనే అనుకున్నారంతా. ముహూర్తం వేళకు పడవ దిగి, తిన్నగా పెళ్లిపీటల దగ్గరికొచ్చాడు. తన కిరీటం తీసి సుకేతు తల మీద పెట్టాడు.

"నీ మీద కోపంతో కాదురా ఇన్నాళ్లూ మాట్లాడనిది," అన్నాడు. "ఆ రోజు చాప దగ్గర, నీ నోరు పడిపోతే బాగుండునని ఒక్క క్షణం దేవుడికి మొక్కుకున్నాను. ఆ తర్వాత నీ మొహం ఎలా చూడనూ?"

సుకేతు లేచి తండ్రిని గట్టిగా పట్టుకున్నాడు. అక్షింతలు ఇద్దరి మీదా పడ్డాయి. సుకేతూ కువలయా కలిసి యాభై ఏళ్లు చల్లగా ఏలారు. అంతేనర్రా, ఇక లేవండి, కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి.