జామచెట్టు నాటిందెవరు?

ఇలా దగ్గరికి జరుగు. అనగనగా అంటే ఎక్కడో కాదే బంగారూ, కొండ కింద మా పుట్టింటి ఊళ్ళోనే సింహాలు అనే ఒకావిడ ఉండేది. ఆవిడకి ఉన్నవల్లా పన్నెండు మేకలు. అవి మేసేది ఊరందరిదీ అయిన కొండమీద.

ఒకరోజు ఆ కొండమీద, అడవి మధ్యలో, తెల్లగా పూసిన జామచెట్టు కనబడింది. అప్పుడు ఊరిపెద్ద దాలినాయుడికి అనుమానం పుట్టింది.

"జామ మన అడవి చెట్టా? సముద్రం అవతలినుంచి వచ్చి పెరళ్ళలో పెరిగేది. తనంతట తాను కొండమీదికొస్తుందా? సింహాలే నాటింది. ఇవాళ చెట్టు, రేపు కంచె, ఎల్లుండి కొండంతా నాదే అంటుంది!"

"నా బిడ్డలమీద ఒట్టు, నేను నాటలేదు బాబూ" అంది సింహాలు. ఒక్కరూ నమ్మలేదు. ఇక మేకల్ని కొండెక్కనివ్వం అన్నారు. మేత లేకపోతే మేకల్ని అమ్ముకోవాల్సిందే కదా!

అప్పుడు లేచాను నేను! పద్నాలుగేళ్ళదాన్ని. నా గొంతు వింటే పులులు పక్క కొండకి కాపురం మార్చేవి. "పదండి మావా, ఆ చెట్టునే అడుగుదాం" అని మూడంగల్లో కొండెక్కేశాను. వాళ్ళు ఆయాసపడుతూ వచ్చేసరికి నేనొక కునుకు కూడా తీశాను.

ముందు బెరడు గోకాను. పొరలుగా ఊడి, కింద నున్నగా ఉంది. ఆకు నలిపి వాసన చూశాను. "జామే!" అన్నాను.

"అది మాకూ తెలుసులేవే. నాటిందెవరో చెప్పు" అన్నాడు దాలినాయుడు.

ఆ తర్వాత చెట్టు మొదలు చూశాను. పాదు లేదు. చెట్టు రాతి నెర్రెలోంచి వచ్చింది. "గునపం కాదు కదా, ఇక్కడ సూదైనా దిగుతుందా మావా?" అన్నాను. ఆయన ఇంకా సింహాలునే గుచ్చిగుచ్చి చూస్తున్నాడు.

ఆ తర్వాత చుట్టూ వెతికాను. బండమీద ఎలుగుబంటి పెంట! పుల్లతో కెలికితే నిండా జామగింజలు.

"ఈ చెట్టుది తొలిపూత, ఇంకా పిందె కూడా పడలేదు. మరి ఎలుగు పళ్ళెక్కడ తిన్నట్టు? ఈ చుట్టుపక్కల పండిన జామ మీ పెరట్లో తప్ప ఇంకెవరింట్లో ఉంది మావా?"

వెనకనుంచి ఎవరో అన్నారు, "గింజ నీది, నాటింది ఎలుగు. ఇప్పుడు కొండ ఎవరిదంటావు నాయుడూ?"

అందరూ పకపకా నవ్వారు. దాలినాయుడు పొదలవైపు అనుమానంగా చూసి, గొంతు తగ్గించి, "మేకల్ని తోలుకోవే సింహాలూ. ఆ చెట్టుని మాత్రం ముట్టుకోకండర్రా, సొంతదారుడు దగ్గర్లోనే ఉన్నాడేమో!" అన్నాడు.

కథేమో కంచి దారి పట్టింది,
మేకేమో కొండ దారి పట్టింది,
నిద్దరేమో నా బంగారు కంటి దారి పట్టింది.