గోరింక దిద్దిన పద్యాలు

అనగనగా ఒక కొండ అడవి. ఆ అడవిలో మంచు దిగిందంటే ఎవరి తోక వాళ్లకే కనపడేది కాదు. అందుకని, పిల్లలూ, అక్కడ ఒక ఆనవాయితీ ఉండేది. చలికాలం రాకముందే అడవిలోని పిల్లలంతా ఎవరి గురించి వాళ్లు ఒక పద్యం కట్టుకోవాలి. మంచులో దారి తప్పితే ఆ పద్యం గట్టిగా చదవాలి. అది విని, "ఇది మా పిల్లే" అనుకుంటూ తల్లి వెతుక్కుంటూ వస్తుంది.

ఆ ఏడాది పద్యాలు నేర్పే పని రవళి అనే గోరింకకు దొరికింది. రవళి ఏ బడిలోనూ చదువుకోలేదు. కొమ్మల మీద కూర్చుని వాళ్లవీ వీళ్లవీ విని, పాడటం తనంతట తనే నేర్చుకుంది. అందుకే పంతులమ్మ అయిన రోజు నుంచీ దానికి ఒకటే గుబులు. "దీనికేం వచ్చని పిల్లల్ని అప్పగించాం అంటారేమో. నవ్వుతారేమో. రేపటి నుంచి రావద్దంటారేమో." తిండి కూడా సహించేది కాదు.

మొదటి రోజు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి, "మీరెవరో మీ మాటల్లో చెప్పండి," అంది.

కుందేలు పిల్ల దూది లేచింది.

"నా చెవులు చాలా పెద్దవి.
అమ్మ పని చెప్తే మాత్రం వినపడదు."

పిల్లలు పకపకా నవ్వారు. రవళి మాత్రం నవ్వలేదు. "ఇది పెద్దల ముందు చదివితే నా పరువు ఉంటుందా? మార్చు," అంది.

తర్వాత ముంగిస పిల్ల గిరక లేచాడు.

"పామంటే నాకు భయం లేదు.
పాము కలలోకి వస్తేనే భయం."

"ముంగిసై పుట్టి భయమంటావా? మీ నాన్న వింటే నన్నంటాడు. మార్చు."

ఆఖరికి ముళ్లపంది పిల్ల బుడమ లేచింది. నేల చూపులు చూస్తూ చెప్పింది.

"నన్నెవరూ ఎత్తుకోరు.
నేనూ అడగను."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నిజానికి ఆ పద్యం రవళికి నచ్చింది. కానీ, ఇది విని తల్లులు ఏమంటారోనన్న గుబులే గెలిచింది.

"ఇది పద్యం కాదమ్మా, ఏడుపు. కూర్చో," అంది.

బుడమ కూర్చుంది.

ఆ రోజు నుంచి రవళి దిద్దడం మొదలుపెట్టింది. ముందు ఒక మాట మార్చింది. తర్వాత ఒక పాదం మార్చింది. చివరికి అందరి నోటా ఒకటే పద్యం మిగిలింది.

"వెన్నెల చినుకును నేను,
వేకువ వెలుగును నేను,
కొండల గుండెల సవ్వడి నేను."

రాగం కూడా రవళిదే. "మంచులో నోరు తెరిస్తే ఇదే రావాలి. ఇంకేమీ వాగొద్దు," అని గట్టిగా చెప్పింది.

పెద్దల ముందు పిల్లలు పాడిన రోజు తల్లులంతా మురిసిపోయారు. ముసలి దుప్పి తాత మాత్రం తల గోక్కున్నాడు.

"బాగా పాడారమ్మాయ్. నా చెవులకి వయసొచ్చిందో ఏమో, అందరిదీ ఒకటే పద్యంలా వినపడింది."

"అందరం ఒకటే కదా తాతా," అంది రవళి, పైకి నవ్వుతూ.

"మా బుడమ వెన్నెల చినుకా?" అని గొణిగింది ముళ్లపంది తల్లి. "వెన్నెల్లో ఇది గుహ దాటి బయటికే రాదే."

రవళి విననట్టు ముఖం తిప్పుకుంది.

చలి ముదిరింది. అడవంతా కింది మైదానానికి బయల్దేరింది. దారి పక్కనే లోతైన లోయ. సగం దూరం వెళ్లారో లేదో, మంచు దిగింది. పైనుంచి ఒక బండరాయి దొర్లింది. ఆ చప్పుడికి పిల్లలు బెదిరి చెల్లాచెదురయ్యారు.

మరుక్షణం అన్ని వైపుల నుంచీ పద్యం మొదలైంది. "వెన్నెల చినుకును నేను..."

కుందేలు తల్లి ఒక గొంతు వెంట పరిగెత్తి ఒక పిల్లను పట్టుకుంది. తడిమి చూస్తే పొట్టి చెవులు.

"నువ్వెవరి పిల్లవిరా?"

"వెన్నెల చినుకుని అత్తా."

"ఆ సంగతి అందరూ చెప్తున్నారు. మీ అమ్మెవరు?"

ముంగిస తల్లి పరిగెత్తి దుప్పి పిల్లను పట్టుకుంది. ముళ్లపంది తల్లి ఎటు వెళ్లాలో తెలియక ఉన్నచోటే గిరగిరా తిరిగింది. పైన ఎగురుతున్న రవళికి కింద తెల్లటి మంచు తప్ప ఏమీ కనపడలేదు. ఎటు విన్నా తన రాగమే. ఎటు విన్నా తన మాటలే.

"పిల్లలూ, నా పద్యం ఆపండి," అని అరిచింది. "మీ మాటలు చెప్పండి."

"ఏ మాటలు పంతులమ్మా?" అంది ఒక గొంతు.

"మీరు తప్ప ఇంకెవరూ అనలేనివి. తొందరగా చెప్పండి."

పద్యం ఆగింది. తర్వాత ఎక్కడి నుంచో దూది గొంతు వచ్చింది.

"నా కాళ్లు ఉరకమంటున్నాయి.
ఎటో తెలియక ఉన్నచోటే గెంతుతున్నాను."

"అదిగో, అది మాది," అంటూ కుందేలు తల్లి అటు దూకింది.

"నేనేం ఏడవట్లేదు," అంది కుందేలు తల్లి వదిలి వెళ్లిన పొట్టి చెవుల పిల్ల. "ముక్కు కారుతోందంతే."

"వీడు మావాడే," అంటూ ముంగిస తల్లి వచ్చి గిరకను నోట కరుచుకుంది.

అలా ఒక్కొక్కరే దొరికారు. బుడమ మాత్రం పలకలేదు.

"ఎందుకు పలకదు?" అంది తల్లి. "పంతులమ్మా, నా పిల్ల ఎందుకు పలకదు?"

"నేనే దాని నోరు మూయించాను అక్కా," అంది రవళి. "దాని మాట ఏడుపన్నాను."

రవళి లోయ అంచు వెంట కిందికి దిగి ఎగురుతూ పిలిచింది.

"బుడమా, నీది పద్యమేనమ్మా. నేనే భయపడి కాదన్నాను. ఏదో ఒకటి చెప్పు."

లోయ వైపు నుంచి సన్నటి గొంతు వచ్చింది. "బాగుండేది రావట్లేదు పంతులమ్మా."

"బాగుండక్కర్లేదు. చెప్తూనే ఉండు."

"చెట్టు వేరు పట్టుకుని వేలాడుతున్నాను.
నా ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి.
కోపం కాదు, భయం.
గడ్డం కింద నాకు ముళ్లు లేవు.
అమ్మా, అక్కడ పట్టుకో."

తల్లి ఒక్కో మాట వెంట ఒక్కో అడుగు వేసింది. అంచు దగ్గర బోర్లా పడుకుని, మెడ చాచి, గడ్డం కింద పట్టుకుని పైకి లాగింది. వేరు పుటుక్కున తెగి లోయలోకి జారిపోయింది.

చాలాసేపటికి ముళ్లపంది తల్లి తల ఎత్తింది. "నీ పద్యం చక్కగానే ఉంది పంతులమ్మా," అంది. "కానీ అందులో నా పిల్ల లేదు."



మైదానంలో మళ్లీ బడి పెట్టారు. పొద చాటున తల్లులు నిలబడి వింటున్నారు. బుడమ లేచింది.

"లోయలో పడబోయిన దాన్ని నేను.
ఇప్పుడు నన్ను చూడ్డానికి అందరూ వస్తున్నారు.
అది నాకు బాగానే ఉంది."

పాదాలు కుదరలేదు. దిద్దాలని రవళి నాలుక దురద పెట్టింది. పాత గుబులు ఎక్కడికీ పోలేదు. పొద వైపు ఒకసారి చూసింది. నోటిదాకా వచ్చిన మాటను మింగేసింది.

"తర్వాత?" అంది.

నీతి: ఎదుటివాళ్ల మాట అందంగా లేదని మన మాట వాళ్ల నోట్లో పెడితే, ఆపదలో వాళ్లెవరో కన్నవాళ్లకు కూడా తెలియకుండా పోతుంది.