సోల సోలకీ కొసరు

పోచమల్లుకు బోధ దొరకలేదు. రాజలింగం గురువు దగ్గర చేరి మూడేళ్లయింది. తన వెనక వచ్చినవాళ్లు ఏడాది తిరక్కుండానే గురువు చేత చెవిలో బోధ చెప్పించుకుని, ఊళ్లో తలెత్తుకుని తిరుగుతున్నారు. ఇతను మాత్రం ఇంకా గడప దగ్గరే ఉన్నాడు.

రాజలింగం సంసారి గురువు. పొద్దంతా మగ్గం మీద చీరలు నేస్తాడు. నేస్తూనే వచ్చినవాళ్లకు నాలుగు మాటలు చెబుతాడు. మాట వినడానికి వచ్చినవాళ్లెవరూ అన్నం తినకుండా వెళ్లకూడదని ఆ ఇంటి కట్టడి. వండి పెట్టేది ఆయన భార్య లచ్చవ్వ. అందరూ ఆమెను గురువమ్మ అంటారు.

తినేవాళ్లు ఎక్కువ, చీరల మీద వచ్చేది తక్కువ. అందుకని ఇంటి సరుకులు తెచ్చే పని పోచమల్లు తన నెత్తిన వేసుకున్నాడు. దర్జీ మనిషి, బెత్తెడు పేలిక కూడా పారేయడు. అలాంటివాడు గురువు ఇంట్లో పైసా వృథా కానిస్తాడా!

సరుకు కొనడంలో అతనిదొక ప్రత్యేకమైన విద్య. కందిపప్పు రెండు మానికలు కావాలనుకోండి. లోకంలో అందరూ రెండు మానికలు పొయ్యమంటారు. అమ్మేవాళ్లు కొలిచి, చివర ఇంత కొసరు వేస్తారు. పోచమల్లు అలా అడగడు. ముందు ఒక్క సోల పొయ్యమంటాడు. కొసరు వేయించుకుంటాడు. సంచి మూతి ముడివేయబోయినట్టే చేసి, ఇంకో సోల పొయ్యమంటాడు. దానికీ కొసరు. మానికకు నాలుగు సోలలు కాబట్టి రెండు మానికలకు ఎనిమిది కొసర్లు. చింతపండైనా, మిరపకాయలైనా, బెల్లమైనా ఇదే వరస, కొంచెం కొంచెంగా కొనడమే.

ఒట్టి కొసరుతోనే ఈ ఇంట్లో వారానికి ఒక పూట గడిచిపోతున్నదని అతను గురువమ్మతో ప్రతి సంతకూ చెప్పేవాడు. ఆమె విని, సంచి అందుకుని లోపలికి పోయేది. మగ్గం దగ్గర కూర్చున్నా అతనిది అదే వరస, గురువు చెప్పిన ఒక్కో మాటకూ ఇంకో మాట కొసరు అడిగేవాడు.

ఒక బుధవారం సంతకు బయలుదేరుతూ, ఇక ఉండబట్టలేక మగ్గం దగ్గర నిలబడి అడిగేశాడు.

"అయ్యా, నా ఎన్కొచ్చినోళ్లకు బోధైంది. మూడేండ్ల సంది నేను ఒక్క సంత తప్పలే. ఇంటికి ఇంత మిగిలిస్తున్న. నాకెప్పుడిస్తరు?"

గురువు తెగిన పోగు అతికించి, మగ్గం గుంటలోంచి లేచాడు.

"నడువు. ఇయ్యాల నేను సుత సంతకొస్త."

పోచమల్లుకు ప్రాణం లేచివచ్చింది. తన పనితనం గురువు కళ్లారా చూస్తాడు, చూశాక బోధ ఇవ్వక ఏం చేస్తాడు అనుకుంటూ ముందు నడిచాడు.

సంతలో బాలవ్వ అనే ముసలామె పప్పులు అమ్ముతుంది. గురువు కాస్త ఎడంగా, ఉప్పు బండి పక్కన నిలబడ్డాడు. చూసే మనిషి ఉన్నాడు గనక పోచమల్లు ఆ రోజు బేరం మరింత రక్తి కట్టించాడు. సోల పోయించాడు, కొసరు వేయించాడు, పెదవి విరిచాడు.

"గిదేం కొసరవ్వా, పిట్టకు ఏసినట్టు! గురువుగారింటికని తెల్వదా?"

"తెల్సు కొడుకా" అని బాలవ్వ ఇంకో చిటికెడు వేసింది.

అలా ఎనిమిది సోలలూ ఎనిమిది కొసర్లూ సంచిలో పడ్డాయి. అతను పక్కకు తప్పుకున్నాక గురువు వచ్చి బాలవ్వ ముందు కండువా పరిచాడు.

"రెండు మానికెలు పొయ్యవ్వా."

ఆమె మానికలో పప్పు రాశి పోసినట్టు పోసింది. రెండు మానికలూ కండువాలో పడ్డాక, గురువు ఏమీ అడగకముందే పైన ఒక దోసెడు వేసింది. ధర మాత్రం ఇద్దరికీ ఒకటే తీసుకుంది.

ఇంటికి రాగానే గురువు అడిగితే, గురువమ్మ రెండు చేటలూ ఇంటి మానికా తెచ్చి పెట్టింది.

"కొలువు" అన్నాడు గురువు.

పోచమల్లు ముందు గురువు మూట కొలిచాడు. రెండు మానికలు నిండి, చేటలో దోసెడుకు పైనే మిగిలింది. తర్వాత తన సంచి కొలిచాడు. మొదటి మానిక నిండింది. రెండోది అంచుదాకా రాలేదు. సంచి తిరగేసి దులిపాడు. మూలలు పట్టుకుని మళ్లీ దులిపాడు. రెండు వేళ్ల వెలితి అలాగే ఉంది.

తలెత్తి గురువమ్మను చూశాడు. ఆమె ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు. మూడేళ్లుగా ఆమె ఆ వెలితితోనే వండి వడ్డిస్తున్నదని అప్పుడు తెలిసింది. అతను సిగ్గుతో చచ్చిపోయాడు. సిగ్గు వెనకే కోపం వచ్చింది. మానిక అక్కడే వదిలేసి సంతకు పరుగెత్తాడు.

బాలవ్వ గోనెలు మడుస్తున్నది.

"గురువుగారి సొమ్ము తింటవా అవ్వా? నీది దొంగ సోల!"

ఆమె సోల తీసి అతని చేతికిచ్చింది. తిప్పి తిప్పి చూశాడు. సోలలో లోపమేమీ లేదు. ఆమె దాన్ని తిరిగి తీసుకుని, తాను ఎలా పట్టుకుంటుందో చూపించింది. బొటనవేలు మొదలుదాకా సోల లోపలే ఉంది.

"నువ్వు అల్లంత దూరాన కనవడంగనే ఏలు లోపల వెట్టుకుంట కొడుకా. ఎన్మిదిసార్లు కొసరడిగితే నేను యాడికెల్లి తేవాలె? నీ దాంట్లకెల్లే తీసి నీకే ఏస్తున్న. అడగనోళ్లకైతే నా చెయ్యి ఆగనే ఆగది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడూ ఉంటాడు. పోచమల్లు చుట్టూ ఉన్న దుకాణాలకేసి చూశాడు. సంతలో అందరూ ఇలాగే కొలుస్తున్నారా అని అడగబోయాడు. పక్కన బెల్లం అమ్మే మనిషి తలొంచుకుని నవ్వుతున్నాడు. ఇక అడగలేదు.

తిరిగి వచ్చేసరికి గురువు మగ్గంలో కూర్చుని ఉన్నాడు. పోచమల్లు జరిగింది దాచుకోకుండా చెప్పాడు. వేలు సంగతీ చెప్పాడు, బాలవ్వ అన్న మాటలూ ఉన్నవున్నట్టు చెప్పాడు.

"మూడేండ్లు మోసం జేసింది అయ్యా" అన్నాడు చివరికి.

గురువు చేతిలో అటూ ఇటూ పోగు నడిపే నాడె ఆగింది.

"ఆమెనొక్కదాన్నే అనకు పోచమల్లూ. నువ్వొచ్చి నా దగ్గర గూసున్నప్పుడల్ల నేను సుత ఏలు లోపల వెట్టే కొలుస్తున్న."